సర్వర్లకు కేవీఎం స్విచ్: ఏది కొనాలి, ఎలా బిగించాలి, ఎలా పరీక్షించాలి

ఒకే కీబోర్డు, మానిటర్, మౌస్‌తో చాలా సర్వర్లను మార్చి మార్చి వాడుకోనిచ్చే పెట్టె కేవీఎం స్విచ్. సర్వర్లు సవ్యంగా నడుస్తున్నంత కాలం దానితో ఎవరికీ పని పడదు. దూరం నుంచే పని చేయడానికి రిమోట్ డెస్క్‌టాప్ ఉంటుంది, ఎస్ఎస్‌హెచ్ ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ బూట్ కాక మధ్యలో ఆగినప్పుడు, నెట్‌వర్క్ సెట్టింగ్ తప్పి సర్వర్ అందకుండా పోయినప్పుడు, డిస్కులను చూసుకునే రెయిడ్ కంట్రోలర్ ఏదో కీ నొక్కమని అడుగుతూ నిలబడినప్పుడు దాని దగ్గరికి పరుగెత్తుతాం. అందుకే ఎంచుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: మిగతా దారులన్నీ మూసుకుపోయిన రోజున ఈ పెట్టె పని చేస్తుందా? పోర్టుల సంఖ్య, స్క్రీన్ రిజల్యూషన్, ధర ఆ తర్వాతి విషయాలు.

ఈ మార్గదర్శికి ఉదాహరణగా 42యూ ర్యాక్ (సర్వర్లు బిగించే నిలువు చట్రం; యూ దాని ఎత్తు కొలత) ఒకటి, అందులో 12 సర్వర్లు అనుకుందాం. కొన్ని డెల్, కొన్ని హెచ్‌పీఈ, రెండు మూడు సూపర్‌మైక్రో, వాటిలోనే ఓ పాత టవర్ సర్వర్. కాలేజీల్లో, ఆసుపత్రుల్లో, మధ్యతరహా కంపెనీల్లో ఇలాంటి కలగాపులగమే ఎక్కువ.

1. ముందు ఉన్నవాటి జాబితా రాయండి

ప్రతి సర్వర్‌కూ ఒక వరుస. అందులో వెనకవైపు ఉన్న వీడియో పోర్టు ఏది, ఖాళీ యూఎస్‌బీ పోర్టులు ఎన్ని, ర్యాక్‌లో ఎన్నో యూనిట్‌లో ఉంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉందా, రిమోట్ మేనేజ్‌మెంట్ చిప్ ఏది, దానికి లైసెన్సు ఉందా అన్నవి రాయాలి.

చివరి రెండు గళ్లే కొనుగోలును ఎక్కువగా మారుస్తాయి. డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీఈలో ఐలో, లెనోవోలో ఎక్స్‌క్లారిటీ కంట్రోలర్, సూపర్‌మైక్రోలో ఐపీఎంఐ పేరుతో ఉండే ఈ చిప్‌లు బ్రౌజర్‌లోనే సర్వర్ స్క్రీన్ చూపించగలవు. ఐడ్రాక్‌లో ఆ స్క్రీన్, అంటే వర్చువల్ కన్సోల్ కావాలంటే ఎంటర్‌ప్రైజ్ స్థాయి లైసెన్సు ఉండాలి. హెచ్‌పీఈ ప్రోలయంట్ ర్యాక్ సర్వర్ల ఐలోలో ఆపరేటింగ్ సిస్టమ్ మొదలయ్యేదాకా కన్సోల్ కనిపించి, ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ లైసెన్సు అడుగుతుంది. బాగా పనిచేస్తోందని బయాస్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెరలో) చూసి సంతోషపడితే, విండోస్ లోగో రాగానే తెర మూతపడుతుంది.

12 సర్వర్లకూ ఆ లైసెన్సులు ఉంటే నెట్‌వర్క్ మీద దూరం నుంచి వాడే ఖరీదైన ఐపీ కేవీఎం కొనడం దండగ. ర్యాక్‌లో ఒక సాధారణ లోకల్ కేవీఎం చాలు. నాలుగైదింటికే లేకపోతే, ఆ నాలుగైదు లైసెన్సుల ఖర్చును ఐపీ కేవీఎం ధరతో పోల్చి లెక్క వేయండి. చాలాసార్లు లైసెన్సులే చవక.

వీడియో గురించి ఒక మాట. సర్వర్ మదర్‌బోర్డు మీద ఉండే డిస్‌ప్లే చిప్ సాధారణంగా మ్యాట్రాక్స్ జీ200 కుటుంబానిదో, ఆస్పీడ్ కంపెనీదో అయి ఉంటుంది. వాటి గరిష్ఠ రిజల్యూషన్ 1920×1200 దగ్గరే ఆగుతుంది. కాబట్టి 4కే, 60 హెర్ట్జ్ అని రాసిన కేవీఎంకు పెట్టే అదనపు డబ్బు సర్వర్ గదిలో ఎందుకూ కొరగాదు. అవి వీడియో ఎడిటర్ల బల్లల కోసం చేసినవి. సర్వర్లలో నేటికీ వీజీఏ పోర్టే ఎక్కువ కనిపిస్తుంది, దాన్ని పట్టించుకునే స్విచ్ కావాలి.

2. రకం తేల్చుకోండి

బల్ల మీద పెట్టుకునే 2, 4 పోర్టుల చవక స్విచ్‌లను సర్వర్లకు వాడకండి. కారణం కింద వివరంగా ఉంది.

ర్యాక్‌లో బిగించే 8 లేదా 16 పోర్టుల స్విచ్‌లో ప్రతి సర్వర్‌కూ నేరుగా ఒక వీడియో, యూఎస్‌బీ జంట కేబుల్ వెళ్తుంది. ఒకే ర్యాక్ ఉండి, మనిషి ఆ గదికి వెళ్లగలిగితే ఇది అన్నిటికన్నా సరళం, నమ్మకమైనది. దీంట్లోనే 17 లేదా 19 అంగుళాల మడత మానిటర్, కీబోర్డు, టచ్‌ప్యాడ్ కలిపి 1యూ ఎత్తులో సొరుగులా జరిపేవి దొరుకుతాయి. కొనేముందు ర్యాక్ ముందు, వెనక స్తంభాల మధ్య దూరం కొలిచి, సొరుగు పట్టాలు ఆ దూరానికి సాగుతాయో లేదో డేటాషీటులో చూడండి. పాత, లోతు తక్కువ ర్యాకుల్లో ఇక్కడే చిక్కు వస్తుంది.

మూడో రకంలో ప్రతి సర్వర్ వెనకా ఒక చిన్న అడాప్టర్ డాంగిల్ ఉంటుంది. దాన్నుంచి నెట్‌వర్క్‌కు వాడే క్యాట్5ఈ రకం కేబుల్ స్విచ్ దాకా వెళ్తుంది. సర్వర్లు రెండు మూడు ర్యాకుల్లో చెదిరి ఉంటే ఇదే మేలు. కేబుల్ సన్నగా ఉంటుంది, కావలసిన పొడవు మీరే తయారు చేసుకోవచ్చు. పోర్టు రకం మారితే డాంగిల్ మారిస్తే సరిపోతుంది, స్విచ్ మార్చనక్కర్లేదు. ఏటెన్, రారిటన్, వెర్టివ్ వారి అవోసెంట్ అన్నీ ఈ పద్ధతివి చేస్తాయి. అయితే ఒకరి డాంగిల్ ఇంకొకరి స్విచ్‌కు పనికిరాదు. కొన్నాళ్లకు మీకు కావలసింది స్విచ్ కాదు, డాంగిలే. అది మన దగ్గర ఎన్ని రోజుల్లో వస్తుందో డీలర్ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి.

నాలుగోది ఐపీ కేవీఎం. మూడో రకానికే నెట్‌వర్క్ పోర్టు తోడై, ఎక్కడి నుంచైనా బ్రౌజర్‌లో స్క్రీన్ చూడొచ్చు. సర్వర్ గది హైదరాబాదులో, చూసుకునే మనిషి గుంటూరులో ఉంటే ఇది తప్పదు. స్పెసిఫికేషన్‌లో ఒక లోకల్, ఒక రిమోట్ లేదా ఒక లోకల్, రెండు రిమోట్ అని ఉంటుంది. ఎంతమంది ఒకేసారి వేర్వేరు సర్వర్లు చూడగలరో ఆ సంఖ్య చెబుతుంది. పెద్ద అంతరాయం వచ్చిన రోజు ఒకరు డేటాబేస్ దగ్గర, ఇంకొకరు స్టోరేజ్ దగ్గర పని చేయాల్సి వస్తుంది. ఒకే రిమోట్ దారి ఉంటే రెండో మనిషి చేతులు కట్టుకుని కూర్చోవాలి. 12 సర్వర్లకు కనీసం రెండు రిమోట్ దారులు ఉండాలి.

ఒకటి రెండు సర్వర్లే ఉంటే రాస్ప్‌బెర్రీ పై మీద నడిచే పైకేవీఎం లాంటి ఓపెన్ సోర్స్ పరికరం మంచి ఎంపిక. అది హెచ్‌డీఎంఐ మాత్రమే తీసుకుంటుంది కనుక వీజీఏ సర్వర్‌కు సొంత పవర్ ఉన్న వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐ కన్వర్టర్ కలపాలి. దాని వెనక నాలుగు పోర్టుల హెచ్‌డీఎంఐ కేవీఎం పెట్టి నాలుగు సర్వర్లు చూడొచ్చు. కానీ ఆ ప్రాజెక్టు వాళ్లు పరీక్షించిన స్విచ్‌ల జాబితాలో ఉన్నదే కొనండి.

3. కీబోర్డు ఎమ్యులేషన్, ఈడీఐడీ: అసలు నాణ్యత ఇక్కడే

చవక కేవీఎం నిజానికి ఒక యూఎస్‌బీ హబ్. మీరు 3వ పోర్టు నుంచి 7వ పోర్టుకు మారినప్పుడు 3వ సర్వర్ నుంచి కీబోర్డును పీకి 7వ దానికి గుచ్చినట్టే అవుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుంటే రెండు మూడు సెకన్లలో కీబోర్డును గుర్తుపడుతుంది, పెద్ద నష్టం లేదు. బూట్ అవుతున్నప్పుడు ఆ రెండు మూడు సెకన్లలోనే బయాస్‌లోకి వెళ్లే కీ నొక్కాల్సిన సమయం దాటిపోతుంది. పైగా కరెంటు పోయి వచ్చాక 12 సర్వర్లూ ఒకేసారి లేస్తాయి. అందులో 11 సర్వర్లకు ఆ క్షణంలో కీబోర్డే లేదు. కొన్ని పాత యంత్రాలు కీబోర్డు కనబడలేదు, ఎఫ్1 నొక్కండి అని చూపిస్తూ అలాగే నిలబడిపోతాయి.

మంచి కేవీఎంలో ప్రతి పోర్టుకూ ఒక చిన్న చిప్ ఉంటుంది. అది ఆ సర్వర్‌తో ఎప్పుడూ ‘కీబోర్డు, మౌస్ ఇక్కడే ఉన్నాయి’ అని చెబుతూనే ఉంటుంది. మీరు ఏ పోర్టు మీద ఉన్నా సర్వర్ దృష్టిలో కీబోర్డు ఊడదు. డేటాషీటులో దీన్ని కీబోర్డు, మౌస్ ఎమ్యులేషన్ అని రాస్తారు. అది అన్ని పోర్టులకూ ఉందో లేదో అడగండి. ఈ ఒక్క మాట లేని స్విచ్‌ను ఎంత తగ్గింపు ఇచ్చినా తీసుకోవద్దు.

ఎమ్యులేషన్‌కు ఒక మూల్యం ఉంది. ప్రత్యేక కీలున్న గేమింగ్ కీబోర్డులు, వైర్‌లెస్ రిసీవర్లు, వేలిముద్ర రీడర్లు దాని గుండా సరిగా పోవు. కేవీఎంకు 104 కీల మామూలు వైర్డ్ కీబోర్డే పెట్టండి. అందులో స్క్రోల్ లాక్ తప్పనిసరి. చాలా స్విచ్‌లు దాన్ని రెండుసార్లు నొక్కితేనే పోర్టుల మెనూ చూపిస్తాయి. ఇప్పుడొచ్చే పొట్టి కీబోర్డుల్లో ఆ కీ ఉండదు. అవోసెంట్ వాటిలో ప్రింట్ స్క్రీన్ కూడా వాడతారు.

ఇక ఈడీఐడీ. మానిటర్ తన రిజల్యూషన్లు, తన పేరు చెప్పే చిన్న సమాచారపు ముక్క అది, మూల భాగం 128 బైట్లు. సర్వర్ బూట్ అయ్యేటప్పుడు దాన్ని చదివి తెర కొలతను ఎంచుకుంటుంది. ఆ సమయానికి మీరు వేరే పోర్టు మీద ఉంటే, ఈడీఐడీని నిలుపుకోలేని స్విచ్ ఏమీ చెప్పదు. దాంతో సర్వర్ 1024×768కో అంతకన్నా తక్కువకో దిగిపోతుంది, లేదా డిజిటల్ పోర్టు అయితే అసలు సిగ్నలే పంపదు. మీరు మారి చూస్తే నల్లటి తెర. సర్వర్ చచ్చిపోయిందనుకుని పవర్ బటన్ నొక్కేవాళ్లు ఉంటారు, అది నిక్షేపంగా నడుస్తూ ఉంటుంది. కాబట్టి ప్రతి పోర్టుకూ ఈడీఐడీ ఎమ్యులేషన్ ఉండాలి. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ స్విచ్‌లలో దీని అవసరం వీజీఏకన్నా ఎక్కువ.

గ్రాఫిక్స్ కార్డు బిగించిన సర్వర్‌లో ఇంకో చిక్కు. బయాస్‌లో ప్రధాన డిస్‌ప్లే ఆ కార్డుకు మారితే, మదర్‌బోర్డు వీజీఏకు తగిలించిన కేవీఎంలో, ఐడ్రాక్ కన్సోల్‌లో కూడా ఏమీ కనిపించకపోవచ్చు. ప్రధాన డిస్‌ప్లేను ఆన్‌బోర్డుకే కట్టేయండి, కార్డును లెక్కల పనికి వదిలేయండి.

4. కేబుళ్లు

42యూ ర్యాక్‌లో సర్వర్లు బిగించే చోటు ఎత్తు దాదాపు 1.87 మీటర్లు, ఎందుకంటే 1యూ అంటే 44.45 మిల్లీమీటర్లు. కేవీఎం మధ్యలో ఉంటే అడుగున ఉన్న సర్వర్‌కు నిలువుగా సుమారు 0.9 మీటరు. అడ్డంగా ర్యాక్ పక్కకు వెళ్లి రావడానికి ఇంకో అర మీటరు. సర్వర్‌ను పట్టాల మీద ముందుకు లాగితే కేబుల్ కూడా దాని వెంట సాగాలి, దానికి మరో ముప్పావు మీటరు. కలిపితే రెండు మీటర్లు దాటింది. అందుకే పెట్టెలో వచ్చే 1.8 మీటర్ల కేబుళ్లు మధ్యలో ఉన్న నాలుగైదు సర్వర్లకే సరిపోతాయి. మిగతావాటికి 3 మీటర్లవి విడిగా ఆర్డర్ చేయండి.

ఏటెన్ లాంటి కంపెనీల ర్యాక్ కేవీఎంలలో స్విచ్ వైపు పోర్టు చూడటానికి వీజీఏ లాగే ఉంటుంది, కానీ దాని ఆకారం వేరు. బజారులో దొరికే వీజీఏ కేబుల్ అందులో దూరదు. ఆ కంపెనీ కేబులే కావాలి. కొటేషన్‌లో స్విచ్ ధర మాత్రమే ఉండి కేబుళ్లు లేకపోతే అసలు బిల్లు తర్వాత వస్తుంది.

క్యాట్5 పద్ధతిలో మూడు జాగ్రత్తలు. ఆ కేబుల్‌లో వెళ్లేది ఈథర్‌నెట్ కాదు. నెట్‌వర్క్ స్విచ్ గుండా, వైఫై గుండా పోదు. పొరపాటున పీఓఈ పోర్టుకు (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు పంపేది) గుచ్చితే డాంగిల్ పాడయ్యే ప్రమాదం ఉంది. అందుకే ఈ కేబుళ్లకు వేరే రంగు వాడండి. రెండోది, దూరం పెరిగితే రిజల్యూషన్ తగ్గించాలి. డేటాషీటులోని గరిష్ఠ మీటర్లు ఏ రిజల్యూషన్‌కో చూడండి. మూడోది చాలామందికి వింతగా అనిపిస్తుంది: అనలాగ్ వీడియోకు క్యాట్6 కన్నా క్యాట్5ఈ మంచిది. క్యాట్6లో నాలుగు జతల మెలికల మధ్య తేడా ఎక్కువ, దాంతో ఎరుపు, ఆకుపచ్చ, నీలం సంకేతాలు వేర్వేరు సమయాల్లో చేరి అక్షరాల అంచున రంగు నీడలు వస్తాయి. దూరం ఎక్కువైతే ఆ సమయాల తేడాను సరిచేసే డిస్క్యూ సర్దుబాటు ఉన్న మోడల్ తీసుకోవాలి.

5. ఐపీ కేవీఎం అయితే ఈ నాలుగు చూసుకోకుండా కొనకండి

బ్రౌజర్‌లో ఏ ప్లగిన్ లేకుండా హెచ్‌టీఎంఎల్5తోనే పని చేయాలి. సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరికే పాత ఐపీ కేవీఎంలు జావా మీద, యాక్టివ్‌ఎక్స్ మీద ఆధారపడ్డవి. క్రోమ్ 2015లోనే జావా ప్లగిన్‌కు తలుపు మూసేసింది. జావా వెబ్ స్టార్ట్‌ను 2018లో వచ్చిన జేడీకే 11 నుంచి తీసేశారు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 డెస్క్‌టాప్ వాడకం 2022 జూన్‌తో ముగిసింది. ఆ పెట్టెను తెరవడానికి ఓ పాత విండోస్ యంత్రాన్ని పోషించాల్సి వస్తుంది.

లాగిన్ కోసం సంస్థ ఖాతాలన్నీ ఉండే యాక్టివ్ డైరెక్టరీతో కలపడం మంచిదే. కానీ డైరెక్టరీ సర్వరే పడిపోయిన రోజు దాన్ని లేపడానికి వాడే కేవీఎం ఆ డైరెక్టరీనే అడిగితే మీరు బయటే ఉండిపోతారు. ఒక లోకల్ ఖాతా తప్పనిసరిగా ఉంచి, దాని పాస్‌వర్డ్ కాగితం మీద రాసి సీల్ చేసి లాకర్‌లో పెట్టండి. వీపీఎన్ విషయమూ ఇంతే. ఫైర్‌వాల్ ఒక వర్చువల్ యంత్రంగా ఆ 12 సర్వర్లలోనే నడుస్తుంటే, ఐపీ కేవీఎంకు దారి దాని గుండా ఉండకూడదు. విడి రౌటర్, విడి కనెక్షన్ పెట్టండి, 4జీ డాంగిల్ అయినా సరే.

కేవీఎంను, ఐడ్రాక్, ఐలో పోర్టులను ఎప్పుడూ నేరుగా ఇంటర్నెట్‌కు ఇవ్వకండి. మేనేజ్‌మెంట్ చిప్‌లు వాడే ఐపీఎంఐ 2.0 ప్రొటోకాల్‌లోనే ఒక లోపం ఉంది: లాగిన్ కాకముందే అడిగినవాడికి పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్‌ను కనిపెట్టడానికి పనికొచ్చే సంకేత రూపం) ఇచ్చేస్తుంది. 2013లో బయటపడింది. ప్రొటోకాల్ రూపకల్పనలోనే ఉంది కనుక ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో పోదు. యూడీపీ 623 పోర్టును మేనేజ్‌మెంట్ వీల్యాన్ (దీనికే విడిగా కేటాయించిన నెట్‌వర్క్ భాగం) దాటనివ్వకూడదు, వాడకపోతే ల్యాన్ మీద ఐపీఎంఐని ఆపేయాలి.

నాలుగోది లాగ్‌లు. ఎవరు ఎప్పుడు ఏ సర్వర్ తెర చూశారో లాగ్‌లు పోగుచేసే సిస్‌లాగ్ సర్వర్‌కు పంపగలగాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, గడియారాలు ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ మీద సరైన సమయం ఇచ్చే పద్ధతి) కలిసి ఉండాలి. ఎన్‌టీపీ పెట్టే వీలు లేని కేవీఎం లాగ్ విచారణలో పనికిరాదు.

6. కరెంటు

చిన్న స్విచ్‌లు సర్వర్ యూఎస్‌బీ పోర్టుల నుంచే కరెంటు తీసుకుంటాయి. ర్యాక్‌కు అది చాలదు. లోపలే పవర్ సప్లై ఉండి వెనక సీ14 పోర్టు (మామూలు కంప్యూటర్ పవర్ కేబుల్ దూరేది) ఉన్నది చూడండి. విడి అడాప్టర్‌తో వచ్చేదాని ప్లగ్ మన గోడ సాకెట్‌కు సరిపోతుంది కానీ ర్యాక్‌లో కరెంటు పంచే పట్టీ (పీడీయూ)లోని సీ13 సాకెట్‌లో దూరదు. చివరికి ఎక్స్‌టెన్షన్ బాక్స్ వేలాడదీస్తారు, ఎవరి కాలో తగిలి ఊడుతుంది. ఐపీ కేవీఎంకు రెండు పవర్ సప్లైలు ఉంటే ఒక్కోటి ఒక్కో యూపీఎస్‌కు ఇవ్వండి.

స్విచ్ చాసిస్ మీద ఎర్తింగ్ స్క్రూ ఉంటుంది, దాన్ని ర్యాక్ ఎర్త్‌కు కలపండి. రెండు యూపీఎస్‌ల మధ్య ఎర్త్ వోల్టేజీలో తేడా ఉంటే వీడియో కేబుల్ షీల్డ్ గుండా కరెంటు పారి, తెర మీద అడ్డ చారలు నెమ్మదిగా పైకి పాకుతాయి. మానిటర్ మార్చినా అవి పోవు.

7. ఆర్డర్ జాబితా

12 సర్వర్లకు 16 పోర్టుల స్విచ్. మిగిలే నాలుగు పోర్టులు కొత్త సర్వర్లకు, ఒక పోర్టు చెడితే మార్చుకోవడానికి. రెండు 8 పోర్టులవి గొలుసుగా కలపడం చవకగా కనిపించినా మంచిది కాదు. పైస్థాయి స్విచ్ పోతే కింద ఉన్నవన్నీ పోతాయి. కేబుళ్లు లేదా డాంగిళ్లు 14, అంటే 12కు రెండు అదనం. పాత టవర్‌కు కీబోర్డు, మౌస్ కోసం గుండ్రటి పీఎస్/2 పోర్టులే ఉంటే దానికి వేరే డాంగిల్. డిస్‌ప్లేపోర్ట్ ఉన్న సర్వర్‌ను వీజీఏ స్విచ్‌కు కలపాలంటే యాక్టివ్ కన్వర్టర్ కావాలి. వర్చువల్ మీడియాతో, అంటే మీ కంప్యూటర్‌లోని ఐఎస్ఓ ఫైలును డిస్కులా చూపించి ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) వేయాలనుకుంటే దాన్ని మోసే డాంగిల్ మోడలే అడగండి, చవక డాంగిళ్లు కీబోర్డు, మౌస్ మాత్రమే మోస్తాయి. నెట్‌వర్క్ స్విచ్‌లు, రౌటర్ల కన్సోల్‌కు కేవీఎం పనికిరాదు, వాటికి సీరియల్ కన్సోల్ సర్వర్ వేరు.

8. బిగించాక, బిల్లు చెల్లించకముందు

ఒక్కో సర్వర్‌నే కలుపుతూ, రెండు చివర్లా లేబుల్ అంటించి, స్విచ్ మెనూలో పోర్టుకు సర్వర్ పేరు పెట్టండి. ‘సర్వర్ 5’ అని కాదు, అది చేసే పని తెలిసేలా. పేర్లు లేని మెనూలో తప్పు యంత్రాన్ని రీబూట్ చేయడం చాలా తేలిక. పోర్టులను తనంతట తాను మార్చే ఆటో స్కాన్‌ను ఆపేయండి. లేకపోతే మీరు కమాండ్ టైప్ చేస్తుండగానే పక్క సర్వర్‌కు వెళ్లిపోతుంది.

తర్వాత ఈ పరీక్షలు చేయండి. కేవీఎంను 1వ పోర్టు మీద ఉంచి మిగతా సర్వర్లను పూర్తిగా ఆపి లేపండి. కీబోర్డు లోపమంటూ ఏదీ ఆగకూడదు. ఒక్కోదానికి మారి తెర పూర్తి రిజల్యూషన్‌లో ఉందో చూడండి. మళ్లీ రీబూట్ చేసి బయాస్‌లోకి వెళ్లండి: డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీఈలో ఎఫ్9, సూపర్‌మైక్రోలో డిలీట్, లెనోవో థింక్‌సిస్టమ్‌లో ఎఫ్1. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఉన్న సర్వర్‌లో బూట్ పాస్‌వర్డ్ తెర దగ్గర అంకెలు, పెద్దక్షరాలు సరిగా పడుతున్నాయో చూడండి. సర్వర్లు నడుస్తుండగా కేవీఎం ప్లగ్ పీకి, నిమిషం ఆగి, తిరిగి పెట్టండి. ఒక్క సర్వర్ కూడా రీబూట్ కాకూడదు, అన్నిట్లోనూ కీబోర్డు తిరిగి పని చేయాలి. పీఎస్/2 యంత్రంలో మాత్రం రీబూట్ చేసేదాకా కీబోర్డు రాకపోవచ్చు. ఐపీ కేవీఎం అయితే ఆఫీసు నెట్‌వర్క్ కేబుల్ పీకేసి, విడిగా పెట్టిన దారిలోంచి బయటి నుంచి లోపలికి రాగలరో లేదో చూడండి. ఏ పరీక్షలో తప్పినా పెట్టె వెనక్కి పంపండి.

9. తర్వాత వచ్చే మామూలు ఇబ్బందులు

రిమోట్ తెర మీద మౌస్ బాణం రెండుగా కనిపించి, మీ చేతికి దూరంగా కదిలితే, కేవీఎం మౌస్‌ను సాపేక్ష పద్ధతిలో (ఎంత కదిలిందో మాత్రమే చెబుతూ) పంపుతోందన్న మాట. సెట్టింగుల్లో, తెర మీద ఏ చోట ఉందో చెప్పే అబ్సల్యూట్ మౌస్ ఎంచుకోండి. ఆ ఎంపిక పని చేయని పాత ఓఎస్ అయితే అందులో పాయింటర్ వేగవృద్ధిని ఆపేయండి.

కేవీఎంలో ఒక్క సర్వరే హఠాత్తుగా నల్లబడితే ముందు ర్యాక్ ముందువైపు చూడండి. కొన్ని సర్వర్లలో ముందున్న వీజీఏకు మానిటర్ తగిలిస్తే వెనక వీజీఏ ఆగిపోతుంది. ఎవరో తగిలించి మరచిపోయి ఉంటారు.

ఒక కీ నొక్కినట్టే ఇరుక్కుని అదే అక్షరం పడుతూ ఉంటే ఆ పోర్టు ఎమ్యులేషన్ చిప్ తడబడింది. మెనూలో యూఎస్‌బీ రీసెట్ ఉంటే అది చేయండి, లేకపోతే ఆ ఒక్క సర్వర్ వైపు యూఎస్‌బీ ప్లగ్ తీసి పది సెకన్ల తర్వాత పెట్టండి. స్విచ్ మొత్తం రీబూట్ చేయనక్కర్లేదు. అదే పోర్టులో పదే పదే వస్తుంటే కేబుల్ మార్చి చూసి, అప్పటికీ పోకపోతే ఖాళీగా ఉంచిన నాలుగు పోర్టుల్లో ఒకదానికి మార్చి, మెనూలో పేరు, రెండు చివర్ల లేబుళ్లు కూడా అప్పుడే సరిచేయండి.